మూడు పేర్ల ఏరు



మీలో కొందరు జయపురం, నందపురం, లమతాపుట్ వైపు నుంచి ఈ ప్రసంగం వింటూ ఉంటారు. కొందరు ముంచింగిపుట్టు, పెదబయలు వైపు వాళ్లుంటారు. ఎటు వైపు వాళ్లయినా సరే, మాచ్‌ఖండ్ అనే పేరు వినగానే మనకు మొదట గుర్తొచ్చేది కరెంటు. ఒనకఢిల్లీలో బస్సు దిగడం, కొండ అంచు దాకా నడవడం, వించి బండి ఎక్కి లోయలోకి దిగడం, అడుగున పవర్‌హౌసు. "మాచ్‌ఖండ్‌లో ఉద్యోగమండీ" అని ఎవరైనా అంటే ప్రాజెక్టులో ఉద్యోగమనే మనం అర్థం చేసుకుంటాం. అసలు ఆ పేరు ఒక ఏటిదనీ, ప్రాజెక్టుకి ఏటి పేరు పెట్టారనీ తలుచుకునేవాళ్లు తక్కువ.

ఈ వేళ ఆ ఏటి గురించి చెబుతాను. దాని అందం గురించి చెప్పడం లేదు. పటాలు గీసినవాళ్లూ, ఈ కొండల్లో తిరిగి పుస్తకాలు రాసినవాళ్లూ ఆ ఏటిని ఎలా చూశారు, ఏ పేరుతో రాసుకున్నారు, ఏది రాయకుండా వదిలేశారు అన్నదే నా విషయం.

ముందుగా ఏటి నడక తెలియాలి. పటం మీ చేతిలో లేదు కాబట్టి ఆడవాళ్లు జడలో పెట్టుకునే తలపిన్నును ఊహించుకోండి. వంపు పైకి, కాళ్లు కిందికి వచ్చేలా పట్టుకోండి. కుడి వైపు కాలి అడుగున మాడుగుల కొండలు. ఏరు అక్కడ పుట్టి, పాడేరు మన్యం మీదుగా ఉత్తరానికి పోతుంది. కొంత దూరం పోయాక ఆంధ్రకీ ఒడిశాకీ సరిహద్దు తానే అవుతుంది. పిన్ను వంపు దగ్గర డుడుమ. అక్కడ ఒక్కసారిగా లోయలోకి దూకి, వెనక్కి తిరిగి నైరుతిగా దిగుతుంది. చిత్రకొండ, సీలేరు, డొంకరాయి దాటి, మోటు దగ్గర శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో పడుతుంది. పిన్నులో ఎడమ కాలు కుడి కాలి కంటే పొడుగన్నమాట.

ఈ వంపును మనసులో పెట్టుకోండి. ఎగువన నిలబడి చూసినవాడు ఈ నీళ్లు ఉత్తరానికి పోతున్నాయంటాడు. దిగువన నిలబడి చూసినవాడు దక్షిణానికి పోతున్నాయంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. అందుకే ఒకే నీటికి ఎగువన మాచేరు అనీ, మాచ్‌ఖండ్ అనీ పేర్లు, దిగువన సీలేరు అని పేరు. పై వాళ్లకి కింద ఏటితో పని లేదు, కింద వాళ్లకి పై ఏటితో పని లేదు. నడుమ అన్నన్ని అడుగుల జలపాతం అడ్డం.

అన్నన్ని అని ఎందుకన్నానంటే, డుడుమ ఎత్తు ఒక పుస్తకంలో 157 మీటర్లని ఉంటుంది, మరొక దానిలో 175 మీటర్లని ఉంటుంది. ఎక్కడో ఒక గుమాస్తా చేతిలో అంకెలు అటూ ఇటూ అయ్యాయేమోనని నా అనుమానం. తరువాత వచ్చిన వాళ్లందరూ తమ ముందున్న కాగితం చూసి రాసుకున్నారు. తాడు వేసి కొలిచినవాళ్లు ఎందరుంటారు? పటాల గురించీ పుస్తకాల గురించీ మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

ఇక పటాల సంగతి. ఈస్టిండియా కంపెనీ కొలువులో పనిచేసిన జేమ్స్ రెన్నెల్ 1782లో హిందూస్థాన్ పటం అచ్చు వేయించాడు. దేశం మొత్తాన్ని ఒకచోట చూపించిన పెద్ద ప్రయత్నాల్లో అది ఒకటి. గంగా తీరం, బెంగాలు అంతా ఊళ్ల పేర్లతో కిక్కిరిసి ఉంటుంది. మన కోస్తా కూడా ఫరవాలేదు. రేవులు తెలుసు, సర్కారు జిల్లాలు తెలుసు. కోస్తా నుంచి లోపలికి, కొండలెక్కి, నాగపురం వైపు వెళ్లే కొద్దీ కాగితం తెల్లబడిపోతుంది. తెలియని చోట పటం గీసేవాడికి రెండు దారులుంటాయి. ఊహించి నాలుగు కొండలూ రెండు నదులూ గీసేయడం ఒకటి, తెలియదని ఒప్పుకోవడం ఒకటి. ఆ మధ్య దేశం తమకు తెలియదని రెన్నెల్ తన పటానికి తోడుగా రాసిన పుస్తకంలో ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు నాకు నచ్చుతుంది. మన ఏరు ఆ తెల్లదనంలో ఉంది.

ఆ ఖాళీ నింపడం కోసమే 1795లో కెప్టెన్ బ్లంట్ అనే సైనికాధికారి కాశీ దగ్గరి చునార్ నుంచి బయలుదేరి అడవుల మీదుగా మన తూర్పు గోదావరి జిల్లాలోని యర్నగూడెం దాకా వచ్చాడు. బస్తరు మీదుగా రావాలని ఆయన కోరిక. దారిలో గోండులు అడ్డగించడంతో పడమటి దారి పట్టాల్సి వచ్చింది. ఆ ప్రయాణం ఆయన రాసుకోగా ఏషియాటిక్ రిసెర్చెస్ ఏడవ సంపుటంలో అచ్చయింది. ఆయన మన ఏటి దాకా రాలేదు. మరి కొంతకాలం అది పటానికి అందకుండానే పారింది.

పటానికి అందలేదంటే ఎవరికీ తెలియదని కాదు సుమండీ. రెన్నెల్ పటానికి 500 ఏళ్ల ముందే ఒక రాగి రేకు మీద ఈ ఏటి ఎగువ దేశం కథ ఉంది. ఒకప్పటి విశాఖ జిల్లా దిబ్బిడ గ్రామానికి సంబంధించిన శాసనం అది. శక సంవత్సరం 1191, అంటే క్రీస్తు శకం 1269. వేయించినవాడు మత్స్య వంశపు అర్జునుడు. వడ్డాది రాజధానిగా ఏలిన వంశమది. వాళ్ల వంశోత్పత్తి ఆ శాసనంలో చెప్పుకున్నారు. ఒక ముని, ఒక అప్సరస, ఒక చేప, ఆ చేప వల్ల పుట్టిన సత్యమార్తాండుడనే మూలపురుషుడు, అతనికి పిల్లనిచ్చి ఒడ్డవాడికి పాలకుణ్ణి చేసిన ఉత్కళ రాజు. గమనించారా, అల్లుడు ఇటువాడు, మామ అటువాడు. సరిహద్దు రాయి పాతడానికి ఇంకా చాలా శతాబ్దాలుంది.

ఈ శాసనాన్ని చదివి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రచురించినది ఎవరనుకుంటున్నారు? మన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, సవరల భాష నేర్చుకుని, ఆ తీరికలోనే రాగి రేకులూ చదివారు. వ్యావహారిక భాషోద్యమం మూలంగా ఆయన ఈ పని చాలామందికి కనబడకుండా పోయింది.

చేప కథ రాగి రేకుతో అయిపోలేదు. మాడుగుల జమీందార్లు తాము మత్స్య దేశపు రాజుల సంతతి అని చెప్పుకునేవారు. వాళ్ల పట్టాభిషేకం చేప ఆకారంలో ఉన్న రాతి సింహాసనం మీద జరిగేదనీ, జెండా మీద చేప ఉండేదనీ, సంతకానికి బదులు చేప బొమ్మ వేసేవారనీ ఇంగ్లీషు అధికారులు రాసిపెట్టారు.

ఇప్పుడు నాకు అన్నింటికన్నా ఇష్టమైన చోటికి వస్తున్నాను. డబ్ల్యూ. ఫ్రాన్సిస్ అనే ఐ.సి.ఎస్. అధికారి 1907లో విశాఖపట్టణం జిల్లా గెజెటీరు తయారుచేశాడు. గెజెటీరు అంటే శిస్తులు, వానలు, రోడ్లు, ఊళ్ల లెక్కలు. దానిలో మఠం అనే ఊరి దగ్గర, యెండ్రిక కొండ కింద, మాచేరు మీద ఉన్న మత్స్యగుండం గురించి ఒక చక్కని వర్ణన ఉంది. ఏటికి అడ్డంగా బండరాళ్ల కట్ట. నీరు ఒక పెద్ద బిలంలోకి పడి మాయమవుతుంది. సుమారు 100 గజాల దిగువన మళ్లీ పైకి వస్తుంది. పైకి వచ్చిన చోట మడుగు, ఆ మడుగు నిండా పెద్దవీ చిన్నవీ చేపలు. మనిషిని చూసి బెదరవు. శివరాత్రికి పక్కనే ఉన్న చిన్న గడ్డికప్పు గుడి దగ్గర ఉత్సవం. పూజారి భగత కులస్థుడు. చేపలకు మేత వేయడం కూడా పూజలో భాగమే.

అక్కడి వాళ్లు ఆ చేపల్ని పట్టరు. ఎందుకు పట్టరో కూడా ఆ గెజెటీరులోనే ఉంది. పూర్వం ఎద్దుల మీద సరుకు వేసుకుని వచ్చిన ఒక బంజారీ ఒక చేపను పట్టి కూర వండుకున్నాడట. చేపల రాజు శపించాడట. బంజారీ, అతని ఎద్దులన్నీ రాళ్లయిపోయాయట. ఆ రాళ్లు ఇప్పటికీ ఉన్నాయని చూపిస్తారట. నాకు ఈ కథలో శాపం కంటే బంజారీ ముఖ్యం. ఉప్పు ఎద్దుల మీద కొండలెక్కిన కాలంలో ఈ ఏటి పక్కన బాట ఉండేదనీ, పరాయి వర్తకులు మడుగు దగ్గర బస చేసేవారనీ, వాళ్లకి ఊరి కట్టుబాటు తెలియక గొడవలయ్యేవనీ ఈ కథే చెబుతోంది. పటంలో లేని బాట కథలో ఉంది.

మఠం ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా హుకుంపేట మండలంలో ఉంది. శివరాత్రికి ఇప్పటికీ జనం వెళుతున్నారు. చేపలకు పసుపూ కుంకుమా చల్లి మొక్కుతున్నారు.

ఇక్కడ పేరు సంగతి తేల్చుకుందాం. మాచ్‌ఖండ్‌కి మూలం ముచుకుంద మహారాజు అని కొందరంటారు. భాగవతంలో గుహలో నిద్రపోయి, లేచి కాలయవనుణ్ణి చూపుతో కాల్చినాయన. వినడానికి గంభీరంగా ఉంటుంది. బోర్డుల మీద ముచుకుంద అని రాస్తే గౌరవంగానూ ఉంటుంది. నేను మాత్రం చేప వైపే. ఒడియాలో మాఛ అంటే చేప, కుండ అంటే గుండం. తెలుగులో మత్స్యగుండం. రెండు భాషల వాళ్లూ ఒకే మడుగు చూసి ఒకే పేరు పెట్టారు. మాచేరు అన్నా చేపల ఏరే. ఏనాడో ఒక మడుగు పేరు ఏరంతటికీ పాకింది. పురాణం తరువాత వచ్చి కూర్చుంది.

పందొమ్మిదో శతాబ్దంలో సర్వే వాళ్లు కొండకొమ్ముల మీద గుర్తులు నాటి కోణాలు కొలుచుకుంటూ వచ్చారు. మన్యం జ్వరాలు ఓర్చుకున్నారు. ఆ తరువాత సర్వే ఆఫ్ ఇండియా వేసిన పటాల్లో మన ప్రాంతం 65 జె అనే నంబరు కింద వస్తుంది. ఆ కాగితం మీద గోధుమ రంగు గీతలుంటాయి. ఒకే ఎత్తున ఉన్న చోట్లను కలుపుతూ పోయే గీతలవి. గీతలు దూరదూరంగా ఉంటే నేల చదును. దగ్గరగా ఉంటే నిట్టనిలువు. మాచేరు పారే ఎగువ మన్యంలో గీతలు బద్ధకంగా విడివిడిగా ఉంటాయి. డుడుమ దగ్గరికి వచ్చేసరికి ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు కలిసిపోతాయి. పటం చదవడం వచ్చినవాడికి ఆ చోట జలపాతం హోరు వినిపిస్తుంది.

అదే పటం మీద ఇంకో గీత ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైంది. అంతవరకు విశాఖపట్టణం జిల్లాలో ఉన్న జయపురం జమీందారీ కొరాపుట్ జిల్లాగా అటు వెళ్లింది. కాగితం మీద సరిహద్దు గీయాల్సి వస్తే ఏటిని మించిన సౌకర్యం లేదు. ముందే గీసి ఉంటుంది. అలా చేపల ఏరు కొంత మేర రాష్ట్రాల సరిహద్దు అయింది. ఒక తమాషా చూడండి. ఈ కొండల్లో ఊళ్ల పేర్లు చాలా వాటికి చివర 'పుట్' ఉంటుంది. ఏటికి అటు కొరాపుట్, లమతాపుట్. ఇటు ముంచింగిపుట్టు. ఒకే మాట. ఒడియా గుమాస్తా రాస్తే పుట్, తెలుగు గుమాస్తా రాస్తే పుట్టు. ఊళ్లో ఉన్నవాళ్లు మాత్రం ఎప్పటిలాగే సంతకి అటూ ఇటూ దాటుతూనే ఉన్నారు.

కొండ జాతుల జీవితం రాయడానికి వచ్చినవాళ్లలో వెరియర్ ఎల్విన్‌ని చెప్పుకోవాలి. బోండా వాళ్ల మీద ఆయన పుస్తకం 1950లో వచ్చింది. బోండాల కొండలు మాచ్‌ఖండ్ లోయకి పై ఎత్తున ఉన్నాయి. ఏటి ఒడ్డున ఉండేది దిదాయిలు. పైనున్న బోండాలకి పేరొచ్చినంతగా ఒడ్డునున్న దిదాయిలకి రాలేదు. ఏటి గురించి అడగాల్సినది వాళ్లనే.

తరువాతి కథ మీకు తెలిసినదే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1946లో మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు మాచ్‌ఖండ్ మీద విద్యుత్తు తీయడానికి ఒప్పందం చేసుకున్నాయి. మద్రాసుకి 70 పాళ్లు, ఒరిస్సాకి 30 పాళ్లు. తరువాత ఆ లెక్క సగం సగానికి వచ్చింది. 1955లో కేంద్రం పని మొదలుపెట్టింది. ఎగువన జోలాపుట్ దగ్గర ఆనకట్ట, జలపాతానికి పైన డుడుమ దగ్గర మళ్లింపు కట్ట. దూకాల్సిన నీరు గొట్టాల్లోంచి దిగి యంత్రాలు తిప్పుతుంది. మనవాళ్లు ఎంతోమంది ఆ పనికి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు, పిల్లల్ని చదివించుకున్నారు. ఆ వెలుగు మన ఊళ్లకీ వచ్చింది. నేనేమీ కాదనడం లేదు. మునిగినవాళ్లు మాత్రం సుమారు 3 వేల కుటుంబాలు. సగానికి పైగా గిరిజనులు. వాళ్లలో పునరావాసం దొరికినవాళ్లు కొద్దిమందే.

జోలాపుట్ పేరు గురించి నాకు తోచినది చెబుతాను. కొరాపుట్ కొండల్లో గెడ్డ పారే పల్లంలో మెట్లు మెట్లుగా కట్టిన వరి మళ్లను 'ఝోలా' అంటారు. ఏడాది పొడుగునా తేమ ఆరని నేల, అన్నింటిలోకీ విలువైనది. ఆ మళ్ల మీదే ఆ ఊరికి పేరు వచ్చి ఉంటుందని నా ఊహ. ఇంగ్లీషు కాగితాల్లో అది జలాపుట్ అయింది. నీళ్లకి సరిపోయిందిలే అనుకుంటారు చదివినవాళ్లు. పేరులో ఉన్న మడి మాయమై నీరు మిగిలింది.

చాలా ఏళ్ల కిందట ఒకసారి వించి బండి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే పక్కన ఒక ముసలాయన కలిశాడు. తెలుగూ, దేశియా ఒడియా కలిపి మాట్లాడుతున్నాడు. నేను పటాల గురించి ఏదో గొప్పగా చెబుతుంటే విని విని, "బాబూ, మా గెడ్డ నీ పటంలో ఉందా?" అన్నాడు. ఏ గెడ్డ తాతా అన్నాను. చిన్నప్పుడు తమ ఊరి దగ్గర మాచేరులో కలిసే గెడ్డల పేర్లు వరసగా చెప్పాడు. వేళ్లు మడుస్తూ చెప్పాడు. ఏడో ఎనిమిదో ఉంటాయి. ఒక దానిలో పీతలుండేవట, ఒక దానిలో ఎండాకాలం కూడా నీరు ఆగేది కాదట, ఒక దాని దగ్గర రాత్రిపూట ఎవరూ వెళ్లేవాళ్లు కాదట. అన్నీ ఇప్పుడు రిజర్వాయరు కిందే.

నా జేబులో పెన్ను ఉంది. సంచిలో నోటు పుస్తకం ఉంది. బండి వచ్చింది, ఎక్కేశాను. మరుసటి ఏడు మళ్లీ వెళ్లి అడిగితే ఆయన పోయాడన్నారు. ఇంటికి వచ్చి పాత పటం తీసి చూశాను. ఆయన చెప్పిన వైపు నుంచి వచ్చే సన్నని నీలి గీతలు ఉన్నాయి, నిజమే. ఒక్క దాని పక్కనా పేరు లేదు. రెన్నెల్ తెలియక వదిలేశాడు. సర్వే వాళ్లకి చోటు చాలక వదిలేశారనుకుందాం. నేను ఎందుకు వదిలేశానో నాకు సమాధానం లేదు.

మీ ఊరి గెడ్డకి పేరుంటే, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏ పేరుతో పిలిచేవారో ఒక కార్డు ముక్క మీద రాసి ఈ కేంద్రానికి పంపండి. తెలుగులో రాసినా, ఒడియాలో రాసినా సరే. ఎక్కడ పుడుతుంది, ఎక్కడ కలుస్తుంది, అంతే చాలు. ఇప్పుడు నీళ్ల కింద ఉన్నవైతే మరీ మంచిది.

ఇక వానాకాలం వస్తే ఈ ఏటి గురించి పేపర్లో రోజూ రెండంకెలు వస్తాయి. జోలాపుట్ పూర్తి మట్టం 2,750 అడుగులు, డుడుమ 2,590 అడుగులు, ఈ రోజు నీరు ఇంత ఉంది అని. మాచ్‌ఖండ్‌లో పని చేసి రిటైరైన మా బంధువు ఒకాయన ఇప్పటికీ పొద్దున్నే ఆ రెండంకెలూ చూసిన తరువాతే కాఫీ తాగుతారు. గేట్లు ఎత్తారని రాస్తే మాత్రం పేపరు మడిచి పక్కన పెట్టి, "ఈ వేళ డుడుమలో నీళ్లు దూకుతాయర్రా, వెళ్లే వాళ్లుంటే వెళ్లండి" అంటారు.